ఫస్ట్ కాపీ

గుడివాడలో రాజీవ్ చెవికున్న పేరు వాళ్ళ నాన్న రైస్ మిల్లుకి కూడా లేదు. మిల్లు సంగతి ఊరు దాటితే ఎవరికీ పట్టేది కాదు. చెవి సంగతి మాత్రం బందరు దాకా పాకింది. బెజవాడ కేసెట్ షాపుల్లో కూడా ఆ గుడివాడ కుర్రాడు వచ్చాడంటే కౌంటర్ మీది వాళ్ళు జాగ్రత్తగా మాట్లాడేవాళ్ళు.

ఒక కేసెట్ నుంచి ఇంకో కేసెట్‌కి ఎక్కించిన ప్రతిసారీ పాట కాస్త మసకబారుతుంది, వెనకాల బుస కాస్త పెరుగుతుంది. ఇది అందరికీ తెలిసిందే. కానీ మొదటి పాటకి ముందుండే కొద్దిపాటి ఖాళీలో ఆ బుస ఒక్కటే విని, అది ఎన్నో కాపీయో చెప్పగలిగినవాడు ఆ చుట్టుపక్కల ఇతనొక్కడే. కళ్ళు మూసుకుని, "ఇది మూడోది. నీకెవడో రెండోదని అంటగట్టాడు" అనేవాడు. వెళ్ళి ఆరా తీస్తే నిజంగానే మూడోదని తేలేది. జనం పందేలు కూడా కాశారు. రాజీవ్ ఒక్కసారీ ఓడిపోలేదు.

దేవుడు చెవి ఇచ్చినంత ధారాళంగా చేతులు ఇవ్వలేదు. మద్రాసు నుంచి తెప్పించుకున్న ఎలక్ట్రిక్ గిటారు అతని గదిలో గోడకి వేలాడుతూ ఉండేది. మేస్టారిని పెట్టుకుని ఏళ్ళ తరబడి తంటాలు పడ్డాడు. వేళ్ళు కాయలు కాశాయి గానీ పాట పలకలేదు. తను ఎంత అధ్వాన్నంగా వాయిస్తున్నాడో మేస్టారి కంటే ముందు తనకే తెలిసిపోయేది, అదీ ఆ పాడు చెవి వల్లే. అందుకని వాయించడం మానేసి, వాయించేవాళ్ళకి తీర్పులు చెప్పడం మొదలుపెట్టాడు. ఈ లోకంలో విమర్శకులు చాలామంది ఇలాగే పుడతారు.

ఏటా డిసెంబరు ఆఖరి రోజున కోర్టు జరిగేది. ఆ పేరు వాళ్ళు పెట్టుకున్నదే. బంటుమిల్లి దగ్గర రాజీవ్ వాళ్ళకి రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీద మోటారు షెడ్డు, దాన్ని ఆనుకుని ఒక గది. ఆ గదిలో పెద్ద సెట్టు, స్పీకర్లు, చాప. ఆ ఏడాదిలో బయటికొచ్చిన రాక్ ఆల్బమ్స్ అన్నిటినీ రాజీవ్ అక్కడ ఒక్కొక్కటిగా నిలబెట్టి విచారించేవాడు. ముందు ఏది గొప్పదో చెప్పేవాడు. ఆఖర్న ఏది చెత్తదో చెప్పి శిక్ష వేసేవాడు.

ఆ శిక్ష ఏమిటో చెప్పాలంటే చెరువుల సంగతి చెప్పాలి. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చిన రోజులవి. నీటికాకి ఒక చెరువులో చచ్చిన రొయ్యని ఎత్తుకెళ్ళి పక్క చెరువులో జారవిడిస్తే చాలు, తెల్లారేసరికి అదీ పోయేది. పిట్టలు వాలకుండా రైతులు పాత కేసెట్లు పగలగొట్టి, లోపలి టేపు లాగి, ఈ గట్టు కర్ర నుంచి ఆ గట్టు కర్రకి వరసలుగా కట్టేవాళ్ళు. ఎండకి టేపు తళతళమంటుంది, గాలికి జుమ్మని మోగుతుంది. పిట్టలు హడలి పోతాయి. చెత్త ఆల్బమ్ అని తేలిన కేసెట్‌ని ఆ సాయంత్రమే అలా చెరువు మీద కట్టించేవాడు రాజీవ్. "మనుషులకి పనికిరానిది, కనీసం కాకులకైనా పనికొస్తుంది" అనేవాడు.

కోర్టులో ఉండేది ముగ్గురు. రాజీవ్ కాక సాయికిరణ్, ఈశ్వరప్రసాద్. సాయికిరణ్ బందరులో రోల్డ్‌గోల్డ్ నగల షాపు వాళ్ళబ్బాయి. రాజీవ్ మాట పూర్తికాకముందే నవ్వేసేవాడు. ఈశ్వరప్రసాద్ బ్యాంకు ఉద్యోగి, వయసులో వీళ్ళకంటే పెద్ద. మంచి మనిషి. ఆ మంచితనం ఎవరికీ అడ్డు రాకుండా చూసుకునే రకం మంచి మనిషి.

తొంభై ఆరు డిసెంబరులో ఈ కోర్టుకి నాలుగోవాడు వచ్చాడు. పేరు కొండలరావు. దివిసీమలో, నాగాయలంక కింద, సముద్రం మీద బతికే పల్లె వాళ్ళది. బందరులో డిగ్రీ చదివి, గిలకలదిండిలో ఒక ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. కాలేజీలో సాయికిరణ్ కంటే ఏడాది చిన్న. క్రిస్మస్‌కి ముందు ఒక సాయంత్రం రాజీవ్ బందరు వచ్చాడని తెలిసి, నగల షాపు అరుగు మీద కాచుకుని కూర్చున్నాడు. నెత్తిన టోపీ ఉంది. టోపీ కింద జుట్టు లేదు.

"గుండేంటయ్యా?" అన్నాడు రాజీవ్, పరిచయం కాగానే. "ఈ ఏడాది రాక్ వాళ్ళందరూ జుట్టు కత్తిరించుకుంటున్నారని, నువ్వు ఏకంగా కొట్టించేసుకున్నావా?"

సాయికిరణ్ నవ్వాడు. కొండలరావు కూడా ఒక చిన్న నవ్వు నవ్వి ఊరుకున్నాడు. జేబులోంచి కేసెట్ తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

"మా వాళ్ళం కలిసి చేశామండి. పాట మా అన్నయ్య వెంకటపతిదండి. గిటారు నేను. డ్రమ్ములు మా బావ. ఆగస్టులో మా ఫ్యాక్టరీలో ఐసు గది ఒకటి రిపేరుకని ఖాళీ చేశారండి. అందులో కూర్చుని రికార్డు చేశాం. ఎకో బాగా వచ్చింది."

"చేపల మధ్యలోనా?"

"చేపలు లేవండి అప్పుడు." ఇంకో మాట కూడా అన్నాడు, "ఏడాది ఆల్బమ్స్ అన్నీ మీరు చూస్తారంటగా. దీన్ని కూడా వాటి పక్కనే పెట్టి చూడండి రాజీవ్ గారూ. మనవాళ్ళు కదాని జాలిపడొద్దు."

"వీడి దగ్గర జాలా?" అన్నాడు సాయికిరణ్.

ఆ రాత్రి భోజనాలయ్యాక కాదు, ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా రాజీవ్ ఆ కేసెట్ పెట్టాడు. ఎంత హీనంగా ఉంటుందో చూసి నాలుగు మంచి మాటలు సిద్ధం చేసుకుందామని అతని ఉద్దేశం. మంచి మాటలంటే అతని నిఘంటువులో కోసే మాటలని.

మొదటి పాటకి ముందు ఖాళీ వచ్చింది. బుస లేదు. ఖాళీ గది గాలి ఒకటి వినిపించింది. దూరంగా ఎక్కడో గోడ మీంచి నీటిచుక్క జారి గచ్చు మీద పడింది. రాజీవ్ వెన్ను నిటారుగా అయింది. ఇది కాపీ కాదు. ఆ గదిలో ఆ గొంతు పడ్డ టేపు ఇదే. ఫస్ట్ కాపీ అంటారు దాన్ని, అసలుకి అసలు. దాన్ని ఎవరూ చెయ్యి దాటనివ్వరు. దాచుకుని, దాన్నుంచి ఎక్కించిన రెండోదో మూడోదో ఇస్తారు. వీడు అసలుదే తెచ్చి చేతిలో పెట్టాడు.

ఎందుకు పెట్టాడో కూడా రాజీవ్‌కి అర్థమైంది. వేటకెళ్ళిన పడవ ఒడ్డుకి రాగానే అందులో మేలైన చేపని ముందు పెద్దల ఇంటికి పంపడం ఆ పల్లెల్లో పద్ధతి. ఆ చేప తాము తిన్నా తినకపోయినా సరే. ఇంత చెవి ఉన్నవాడికి మసకబారిన రెండోది ఎలా ఇస్తామనుకుని ఉంటాడు కొండలరావు.

అప్పుడు గొంతు లేచింది.

వల లాగేటప్పుడు పల్లెవాళ్ళు పాడుకునే పదం అది. ఒకడు అందిస్తే పదిమంది అందుకునేది. ఇక్కడ అందిస్తున్నవాడొక్కడే ఉన్నాడు, అందుకునేవాళ్ళు లేరు. ఆ ఖాళీలోకి గిటారు వచ్చింది. తొందర లేకుండా, ఆ గొంతు ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసినట్టు వచ్చి నిలబడింది. రెండో పాటలో డ్రమ్ములు మోగేసరికి రాజీవ్ చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మొదటివైపు అయిపోయింది. తిప్పి రెండోవైపు విన్నాడు. మళ్ళీ మొదటినుంచి విన్నాడు. ఆ ఏడాది తను సముద్రాల అవతలి నుంచి తెప్పించుకున్న వాటిలో ఇలా ఒళ్ళు జలదరించింది ఒక్కటి కూడా లేదు. అది అతనికి స్పష్టంగా తెలుసు. తెలియడమే అతని జబ్బు.

విన్నంతసేపూ ఆనందంగానే ఉంది. స్విచ్ ఆపాక గోడ మీద గిటారు కనిపించింది. అసూయ అనేది మెల్లగా వస్తుందంటారు. రాజీవ్‌కి అలా రాలేదు, వాంతిలా ఒక్కసారిగా వచ్చింది. మేస్టారు లేడు, మద్రాసు గిటారు లేదు, ఐసు దిమ్మలు లెక్కపెట్టుకునేవాడు అలా వాయిస్తాడా? వాడి అన్నకి అలాంటి గొంతా?

సెట్టులో రెండు కేసెట్లు పట్టే అరలున్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎక్కించుకోవడం నిమిషాల పని. బీరువాలోంచి కొత్త ఖాళీ కేసెట్ ఒకటి తీశాడు కూడా. దాని మీది కాగితం చింపబోయి ఆగాడు. కాపీ ఇంట్లో ఉంటే వింటాడు. వింటే ఒప్పుకోవాలి. ఖాళీ కేసెట్‌ని మళ్ళీ బీరువాలో పెట్టేశాడు.

కోర్టు రోజు మధ్యాహ్నం కొండలరావు రెండు బస్సులు మారి బంటుమిల్లి వచ్చాడు. గట్టు మీద నడుస్తూ, చెరువుల మీద మెరుస్తున్న వరసలు చూసి ఆగిపోయాడు.

"ఏం పాటలండీ అవి?"

"కాకులకి కచేరీ" అన్నాడు రాజీవ్. సాయికిరణ్ కడుపు పట్టుకున్నాడు. కొండలరావుకి ఏమీ అర్థం కాలేదు. షాపుల్లో పారేసిన పాత టేపు అనుకున్నాడు.

ఆ రోజు రాజీవ్ మంచి ఊపుమీద ఉన్నాడు. నిజం చెప్పుకోవాలి, పాటల గురించి మాట్లాడేటప్పుడు అతను మాట్లాడినట్టు ఇంకొకరు మాట్లాడలేరు. అమెరికా బాండ్లకి వాళ్ళు ఇక్కడి పేర్లు పెట్టుకునేవాళ్ళు. పదేళ్ళుగా ఉరుములు ఉరిమిన బాండు ఒకటుంది, వాళ్ళు జడలవాళ్ళు. "జడలవాళ్ళు ఈ ఏడాది క్రాపులు చేయించుకుని అట్ట మీద నిలబడ్డారు. దానికి నాకేం అభ్యంతరం లేదు. జుట్టుతోపాటు పాటలు కూడా మంగలి దగ్గరే వదిలేసి వచ్చారు, అదీ నా బాధ" అన్నాడు. చిరుగు స్వెట్టర్ల బాండ్ల వంతు వచ్చింది. "ఒకడు గుండె పగిలి ఏడిస్తే అది పాట. వాణ్ణి చూసి పాతికమంది అదే శ్రుతిలో ఏడిస్తే అది పరామర్శ. ఈ ఏడాదంతా నేను పరామర్శలకి వెళ్ళొచ్చినట్టుంది." డ్రమ్మరుని తీసేసి కంప్యూటర్ పెట్టుకున్న ఇంగ్లండువాళ్ళని కూడా వదల్లేదు. "తాళం తప్పడు, అలగడు, తాగి పడిపోడు. చెమట కూడా పట్టదు వాడికి. చెమట పట్టని డ్రమ్ములు నేనెందుకు వినాలి?"

తర్వాత కాస్త గొంతు తగ్గించి, తనకి నచ్చిన దాని గురించి చెప్పాడు. ఎక్కడో మంచు కురిసే ఊరి ఆడమనిషి, బొంగురు గొంతు, వెనకాల రెండు గిటార్లు, అంతే. ఆ ఆల్బమ్‌ని వాక్‌మన్‌లో పెట్టుకుని స్కూటర్ మీద కాలవ గట్టున వస్తుంటే పొద్దుగూకిందట. లైటు వేసుకోవాలన్న సంగతి కూడా మర్చిపోయి చీకట్లోనే ఇంటికి వచ్చాడట. "ఆవిడ ఏమంటోందో సగం నాకు తెలియదు. కానీ ఆవిడకి ఎవరో తలుపు తియ్యలేదని మాత్రం తెలిసింది" అన్నాడు. ఆ మాటకి కొండలరావు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇలాంటి మనిషి చేతిలో అన్న పాట పెట్టినందుకు తను సరైన పనే చేశాననుకున్నాడు.

ఆఖర్న ఐసు ఫ్యాక్టరీ కేసెట్ పెట్టాడు రాజీవ్. గది గాలి వినిపించింది. నీటిచుక్క పడింది. గొంతు లేచి మొదటి చరణం సగానికి వచ్చింది. రాజీవ్ టక్కున ఆపేశాడు.

"ఒక్క నిమిషం. ఇతని గొంతులో ముల్లు ఇరుక్కుంది. ఎవరైనా అన్నం ముద్ద మింగించండి."

సాయికిరణ్ పడీపడీ నవ్వాడు. రాజీవ్ కేసెట్‌ని బయటికి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఐసు ఫ్యాక్టరీ అన్నావు గానీ ఐసు తక్కువేశారయ్యా. అప్పుడే వాసనొస్తోంది. రాక్ అంటే చెయ్యెత్తి కొట్టడం. ఇది ఈగలు తోలుకోవడం. ఈయనగారు వల లాగుతున్నాడు, బాగానే ఉంది. వలలో ఏమీ పడలేదని మనకి చెప్పడానికి ఒక కేసెట్ ఖర్చు పెట్టాలా?"

"ఇంకాస్త విందాం రాజీవ్" అన్నాడు ఈశ్వరప్రసాద్. "గొంతేదో బాగున్నట్టే ఉంది."

"ప్రసాద్ గారూ, మీకు బాగుందంటే ఇంక అది పెళ్ళి మేళానికి తప్ప దేనికీ పనికిరాదు."

ఈశ్వరప్రసాద్ టీ గ్లాసు అందుకున్నాడు.

కొండలరావు కూడా అందరితోపాటు నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని నవ్వాడు. మొహం ఎర్రబడింది, టోపీ సర్దుకున్నాడు. కాసేపటికి లేచి, చల్లపల్లి మీదుగా వెళ్ళే బస్సు అందుకోవాలని, ఇంటి దగ్గర అమ్మ ఒక్కతే ఉంటుందని చెప్పాడు. గుమ్మం దగ్గర ఆగి, "కేసెట్..." అన్నాడు.

"ఉండనీవయ్యా. తీర్పు ఇంకా అవలేదు."

"మళ్ళీ వింటారాండీ?"

"చూద్దాం."

ఆ ఒక్క మాట పట్టుకుని సంతోషంగా వెళ్ళాడు కొండలరావు. మంచి చెవి ఉన్నవాళ్ళకి మొదట నచ్చనిది తర్వాత నచ్చుతుందని ఎక్కడో చదివాడు.

అతను గట్టు దిగాక శిక్ష పడింది. రాజీవ్ తనే స్క్రూడ్రైవరు తీసుకుని కేసెట్ విప్పాడు. చెరువుల కాపలా నరసింహాన్ని పిలిచి టేపు చుట్ట చేతిలో పెట్టాడు.

"పాత పాటలాండీ?" అన్నాడు నరసింహం.

"కాదు, కొత్తవే."

నరసింహం దాని కొస కర్రకి ముడేసి, లాక్కుంటూ ఆవలి గట్టుకి నడిచాడు. పొద్దు వాలుతోంది. టేపు బిగుసుకోగానే గాలి అందుకుని మోగించింది. సాయికిరణ్ చప్పట్లు కొట్టాడు. రాజీవ్ ఆ మోత వింటూ నిలబడ్డాడు. లోపల ఎక్కడో కొంచెం కలుక్కుమంది గానీ, రేపు అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. సర్దుకుంది కూడా.

జనవరి గడిచింది. ఫిబ్రవరిలో రొయ్య ఎదిగి పట్టుబడికి వచ్చింది. చెరువు దగ్గర వేపుడు తిందామని సాయికిరణ్, ఈశ్వరప్రసాద్ కూడా వచ్చారు. పది దాటుతుండగా గట్టు మీద ఇద్దరు కనిపించారు. ముందు కొండలరావు. నెత్తి మీద కొత్త జుట్టు అంగుళం మేర పెరిగింది. వెనకాల ఒక ముసలామె, చెప్పుల్లేని కాళ్ళతో, ఎండకి కొంగు నెత్తిన వేసుకుని వస్తోంది. ఆమెని షెడ్డు నీడలో కూర్చోబెట్టి కొండలరావు లోపలికి వచ్చాడు.

"మా అమ్మండి, ఎల్లమ్మ. కేసెట్ వినిపిద్దామని తీసుకొచ్చా. మా ఇంట్లో టేప్ రికార్డర్ లేదండి. ఫ్యాక్టరీలోది ఓనరు గారు పట్టుకెళ్ళిపోయారు. మీ దగ్గర ఇంత సెట్టు ఉంది కదా, ఒక్కసారి వేస్తారేమోనని."

"ఇప్పుడేంటి ఆ పాటలు?" అన్నాడు రాజీవ్.

"అన్నయ్య లేడండి."

ఈశ్వరప్రసాద్ చాప మీద కాస్త జరిగి కొండలరావుకి చోటిచ్చాడు.

"కాకినాడ బోటు మీద పనికెళ్ళాడండి. నవంబరు తుఫానులో బోటు తిరిగి రాలేదు. మనిషి దొరకలేదు. ఇంట్లో సరైన ఫోటో కూడా లేదండి, రేషన్ కార్డు మీదున్నదే. అమ్మ ఇన్నాళ్ళూ ఆ గొంతు వినలేనంది. మొన్న తనే అడిగింది, పెద్దోడి పాట ఒకసారి ఇనిపించరా అని."

డిసెంబరులో ఆ గుండు ఎందుకుందో ముగ్గురికీ ఇప్పుడు తెలిసింది. సాయికిరణ్ తల దించుకున్నాడు.

"అప్పుడే ఒక్క మాట చెప్పొచ్చు కదయ్యా" అన్నాడు ఈశ్వరప్రసాద్.

"చెప్తే జాలిపడి బాగుందంటారండి. ఆయన పాటకి ఆ మాట నిజంగా రావాలని..." అని సెట్టు వైపు చూశాడు. "కేసెట్ ఇక్కడే ఉందాండీ, గుడివాడలో ఉందా?"

రాజీవ్ సిగరెట్ ప్యాకెట్ కోసం జేబులు వెతుక్కుంటున్నాడు. ప్యాకెట్ బల్ల మీదే ఉంది. గుమ్మంలో నిలబడ్డ నరసింహానికి ఈ సంగతులేవీ తెలియవు. అయ్యగారు మర్చిపోయారనుకుని తనే చెప్పాడు.

"మొన్న పండగ ముందు ఇచ్చారే, అదేనాండీ? అది రావిచెట్టు వైపు చెరువు మీద కట్టేశాను కదండీ."

కొండలరావు ముందు నరసింహాన్ని చూశాడు, తర్వాత రాజీవ్‌ని చూశాడు. బయటికి నడిచాడు. కిటికీలోంచి ముగ్గురూ చూస్తూనే ఉన్నారు. గట్టు మీద ఒక్కో కర్ర దగ్గర ఆగి టేపుని వేళ్ళతో పట్టుకున్నాడు. ఎండకి రంగు వెలిసింది. గాలికి సాగి సన్నబడి మెలిదిరిగింది. రెండుచోట్ల తెగితే నరసింహం ముడేశాడు, మిగతా ముక్కలు నీళ్ళలో పడి పోయాయి. టేపు సంగతి తెలిసినవాడు గనక ముట్టుకోగానే అందులో ఇంక ఏమీ మిగల్లేదని అర్థమైంది. అయినా ఆఖరి కర్ర దాకా వెళ్ళొచ్చాడు.

తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మీరేమన్నా కాపీ చేసుకున్నారాండీ? మా దగ్గర ఇంకోటి లేదండి."

"లేదు" అన్నాడు రాజీవ్.

కొండలరావు తల వంచి, వేళ్ళకి అంటిన టేపు పొడి తుడుచుకున్నాడు. తలెత్తినప్పుడు అతని గొంతులో కోపం లేదు. ఉంటే ఆ గదిలో అందరికీ కొంచెం తేలిగ్గా ఉండేది.

"తప్పు నాదేనండి. ఫస్ట్ కాపీ అని చెప్పి ఇవ్వాల్సింది. అందరూ ఇచ్చినట్టు ఏ రెండోదో ఇచ్చానని మీరనుకుని ఉంటారు. అసలుది నా దగ్గరే ఉండుంటదనుకుని ఉంటారు."

మునిగిపోయేవాడికి తాడు దొరికినట్టు సాయికిరణ్ ఆ మాట అందుకున్నాడు. "అదేరా కొండలూ, అదే జరిగింది. మావాడికి తెలీదు పాపం. ఎంత చెవైతే మాత్రం, ఒక్కోసారి పొరబడదా ఏంటి? ఇది ఫస్ట్ కాపీ అని తెలిస్తే అలా చేస్తాడా?"

"అంతేలే" అన్నాడు ఈశ్వరప్రసాద్. "ఈసారికి చెవికి అందలేదు. తెలియక జరిగినదానికి ఎవరేం చేస్తారు?"

ముగ్గురూ రాజీవ్ వైపు చూశారు. అతను చెయ్యాల్సింది తలూపడం ఒక్కటే. కావాలంటే ఒక నిట్టూర్పు, దాని వెనక ఒక్క ముక్క, "తెలియలేదయ్యా" అని. ఆ అబద్ధం అందరికీ పనికొచ్చేది. కొండలరావుకి తను గౌరవించిన మనిషి మిగిలేవాడు. ఆ తల్లికి ఒక పొరపాటు వల్ల పోయిందని చెప్పుకోవచ్చు. రాజీవ్ నోరు తెరిచాడు కూడా.

కానీ చెవికి అందలేదన్న మాట దగ్గర అతని మనసు ఆగిపోయింది. ఎల్లుండికల్లా సాయికిరణ్ బందరు నిండా చెప్తాడు. అయ్యో పాపం అంటూనే చెప్తాడు. బుస లేని టేపు విని కాపీ అనుకున్నాడట అంటారు. బెజవాడ షాపుల్లో కౌంటర్ మీది వాళ్ళు నవ్వుకుంటారు. పాట తనకి చేతకాదు, గిటారు చేతకాదు, ఉన్నది ఈ ఒక్కటే. దాన్ని కూడా ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా కోసం వదులుకోవాలా?

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏంటి?" అన్నాడు సాయికిరణ్.

"అది ఫస్ట్ కాపీ అని తెలుసు. మొదటి పాట మొదలుకాకముందే తెలిసింది. బుస లేదు. గదిలో నీటిచుక్క పడ్డ చప్పుడు కూడా వినపడింది, ఒకటి పాటకి ముందు, ఒకటి అతను ఊపిరి తీసుకున్నాక. నా చెవి ఎప్పుడూ పొరబడలేదు."

అనేశాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు. ఈశ్వరప్రసాద్ లేచి కిటికీ దగ్గరికెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. సాయికిరణ్ జీవితంలో మొదటిసారి రాజీవ్ మాటకి నవ్వలేదు.

కొండలరావు గుమ్మం దగ్గరే ఉన్నాడు. నీటిచుక్క మాట వినగానే అతని మొహంలో ఏదో కదిలింది. ఆ రోజు ఆ చుక్క పడినప్పుడు వెంకటపతి నవ్వు ఆపుకుంటూ పాట ఎత్తుకున్నాడు. అది ఆ గదిలో ఉన్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు. టేపు మీద దాన్ని పసిగట్టిన బయటివాడు లోకంలో ఇతనొక్కడే.

"అవునండి" అన్నాడు. "మీ చెవికి తిరుగు లేదండి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఎంత వెతికినా రాజీవ్‌కి కనిపించలేదు. ఆ పొగడ్త కోసమే అతను ఇన్నేళ్ళూ బతికాడు.

బయట కొండలరావు తల్లి పక్కన గొంతుక్కూర్చుని ఏదో చెప్పాడు. ఆమె విని, మోకాళ్ళ మీద చేతులూని లేచి, కొడుకు చూపించిన చెరువు వైపు నడిచింది. కర్ర దగ్గర నిలబడి తలెత్తి చూసింది. గాలికి టేపు మోగుతోంది. ఆమె తల ఒక పక్కకి వంచి చెవి దానికి ఆనించింది.

"ఏదిరా" అంది కొడుకుతో. "నాకేం ఇనపడతల్లేదు."

"ఇంక వినపడదమ్మా."

ఆమె నరసింహాన్ని పిలిచింది. ఈ ముక్క కోసి ఇవ్వమని అడిగింది. నరసింహం మొలలో కత్తి తీసి, పిట్టలు వాలతాయేమోనని, గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ రాజీవ్ వైపు చూశాడు. రాజీవ్ తలూపాడు. నరసింహం కోశాడు. వల దారం చుట్టి అలవాటైన చేతులు గనక, ఆమె ఆ టేపుని బొటనవేలికీ మోచేతికీ మధ్య ఒక్క చిక్కు పడకుండా చుట్టింది. నీళ్ళలోకి జారినదాన్ని కూడా లాగి, కొంగుతో తుడిచి చుట్టింది. చుట్టని బొడ్డులో దోపుకుని, కొడుకు వెనకాలే గట్టు దిగి బస్సు రోడ్డు వైపు వెళ్ళింది.

లోపల వేపుడు చల్లారిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు. టేపు తీసేసిన చెరువు మీద అప్పటికే ఒక నీటికాకి వాలింది. నరసింహం వచ్చి తల గోక్కుంటూ, ఆ వరస ఖాళీ అయిపోయిందని, కట్టడానికి ఇంకేదైనా పాత కేసెట్ ఉంటే ఇమ్మని అడిగాడు.